కాళ్ళ తిమ్మిరి — పెద్దవయస్సు స్త్రీల నడక

నేత నేయువాని పేరు సంఘము పుస్తకములో ఉండును. అతనికి కండెలు చుట్టి యిచ్చు తల్లి పేరు, అత్త పేరు చాలచోట్ల ఉండదు. కాని ఆమె రాట్నము ఆగిననాడు ఇంటిలోని మగ్గము కూడ ఆగును. అందుచేత ఈ సంచికలో మన ఇండ్లలోని పెద్దవయస్సు స్త్రీలను నడవనీయక చేయుచున్న నరముల జబ్బులను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట అరికాళ్ళలో తిమ్మిరి, చీమలు ప్రాకినట్లుండుట, రాత్రివేళ మంటలు కనిపించును. కొంతకాలమునకు చెప్పు కాలినుండి జారిపోయినను తెలియదు. గుంట మగ్గములో కూర్చున్న స్త్రీకి తాను ఏ చెక్కను త్రొక్కుచున్నదో చూచుకొనిన గాని తెలియదు. చీకటిలో తూలును, గోడ పట్టుకొని నడచును. ఇంటివారు “వయస్సు వచ్చినది, వాతము చేసినది” అని ఊరకుందురు. వయస్సుతో నడక కొంత నెమ్మదించుట సహజమే. కాని తిమ్మిరియు, స్పర్శ పోవుటయు వయస్సు మీదికి త్రోసివేయదగినవి కావు. వానికి కారణము వెదకవలెను. కారణములలో కొన్ని కుదురునవి, కొన్ని ఆపదగినవి.

నడుమునుండి కాలివ్రేళ్ళ వరకు పోవు నరములు శరీరములోకెల్ల పొడవైనవి. పొడుగాటి పోగు మొదట తెగునట్లే, రక్తములో దోషము కలిగినపుడు ఈ పొడుగాటి నరముల కొనలే మొదట చెడును. కాబట్టి తిమ్మిరి రెండు పాదముల వ్రేళ్ళలో ఆరంభమై క్రమముగా పైకి ప్రాకును.

ఇట్టి తిమ్మిరికి ప్రధాన కారణము మధుమేహము, అనగా చక్కెర జబ్బు. పరగడుపున రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు, లేక అంతకు మించి ఉన్నచో, మరొకసారి పరీక్షించి జబ్బును నిర్ధారణ చేయుదురు. 30 ఏండ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఈ పరీక్ష చేయు ఏర్పాటు కలదు. రెండవ కారణము విటమిను బి12 లోపము. ఈ విటమిను పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో మాత్రమే సహజముగా లభించును. శాకాహారులై, ఇంటిలోని పాలు పిల్లలకు పోసి తాము నీళ్ళ మజ్జిగతో సరిపెట్టుకొను స్త్రీలకు ఇది తగ్గును. చక్కెర జబ్బునకు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏండ్ల తరబడి వాడువారికి కూడ తగ్గవచ్చును. ఆ మాత్రలు తమంతట తాము మానరాదు. బి12 పరీక్ష చేయుమని వైద్యుని అడుగవలెను. ఈ లోపమును త్వరగా కనిపెట్టిన ఇంజక్షనులతోను, మాత్రలతోను చాలవరకు కుదురును. ఆలస్యమైన కొలది కుదురుట కష్టము.

మూడవది మన పనికి సంబంధించినది. మోకాలికి బయటి ప్రక్క, ఎముకను ఆనుకొని ఒక నరము పోవుచున్నది. గంటల తరబడి కాలు మడచి, లేక గొంతుకూర్చుండి కండెలు చుట్టునపుడు అది నలుగును. అపుడు ఒక పాదము పైకి లేవక ఈడ్చుకొనిపోవును. రాట్నమును ఎత్తుగా అమర్చి, పీటమీదనో బల్లమీదనో కూర్చుండుటయు, అరగంటకొకసారి లేచి పది అడుగులు వేయుటయు దీనికి మంచి నివారణ.

చర్మముమీద స్పర్శ తెలియని పాలిన మచ్చ ఉన్నచో కుష్ఠు కావచ్చును. దాచుకొనవలసిన పని లేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇచ్చు మందులతో 6 నెలలలోనో 12 నెలలలోనో ఆ జబ్బు నయమగును. దాచినచో నరము చచ్చి, చేయి, కాలు వంకరపోవును.

ఇక రాయచూరు జిల్లావారు ముఖ్యముగా తెలిసికొనవలసినది నీటి సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉండియు, మన గ్రామములలో అనేకము బోరు నీటినే త్రాగుచున్నవి. ఇచ్చటి రాతినేలల లోతు నీటిలో పలుచోట్ల ఫ్లోరైడు హెచ్చుగా ఉన్నది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములు మించరాదనియు మన దేశపు ప్రమాణము.

ఈ జబ్బు తెలుగువారికి క్రొత్తది కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని గ్రామములను పరిశీలించి 1937లో షార్టు అను వైద్యుడును, ఆయన సహచరులును దీనిని లోకమునకు తెలిపిరి. 1955లో సిద్దీఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులను గూర్చి వ్రాసెను. ఆనాడు రాయచూరు, నల్లగొండ రెండును హైదరాబాదు రాష్ట్రములోనివే.

ఏండ్ల తరబడి త్రాగిన ఫ్లోరైడు ఎముకలలో పేరుకొనును. వెన్నెముకను పట్టియుంచు పట్టీలు గట్టిపడి ఎముకవలె అగును. వెన్నుపాము పోవు త్రోవ ఇరుకై, లోని నరములు నొక్కుకొనును. మెడ తిరుగదు, నడుము వంగదు, కాళ్ళు బిగిసి అడుగు పడదు. ఒకసారి గట్టిపడిన ఎముక మందులతో మెత్తబడదు. కొందరికి శస్త్రచికిత్స చేయుదురు. కాబట్టి నీరు మార్చుటయే అసలు మందు. నీరు కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మరికొంత చిక్కపడును. శుభ్రముగా పట్టిన వాననీరు, శుద్ధిచేసిన నది నీరు, సరిగా నడచు శుద్ధియంత్రపు నీరు త్రాగుటకును, వంటకును వాడవలెను. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరిక తినుట మేలు.

పాదముల స్పర్శను ఇంటిలోనే పరీక్షింపవచ్చును. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు చక్కెర రోగులకై చూపిన పద్ధతి యిది. ఆమెను పడుకోబెట్టి కండ్లు మూసికొనమనవలెను. ఒక్కొక్క పాదమున బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేళ్ళ కొనలను మీ వ్రేలితో ఒకటి రెండు సెకండ్లు మెల్లగా తాకవలెను. నొక్కరాదు, గిలిగింత పెట్టరాదు. ఆరింటిలో రెండుగాని, అంతకెక్కువగాని తెలియనిచో వైద్యునికి చూపవలెను.

స్పర్శ లేని పాదమునకు కాపడము పెట్టరాదు, వేడినీటిలో ముంచరాదు. కాలినను ఆమెకు తెలియదు. వట్టికాళ్ళతో నడువరాదు. ప్రతి రాత్రి అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను దీపము వెలుతురున చూడవలెను. పేరు లేని పొట్లములలో ఇచ్చు వాతపు మాత్రలు మ్రింగరాదు. వానిలో ఏమి కలిసినదో తెలియదు, మూత్రపిండములు చెడవచ్చును. స్నానపుగదికి పోవు త్రోవలో రాత్రి దీపముంచి, నేలమీద నూలు చిలపలు లేకుండ చూడవలెను. వయస్సు మళ్ళిన స్త్రీ పడినచో తుంటి ఎముక విరుగు ప్రమాదమున్నది. చేతికఱ్ఱ పట్టుట సిగ్గు గాదు. ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడినను, మూత్రము బిగిసినను, పట్టు తప్పినను మాత్రము ఆ రోజే తాలూకా ఆసుపత్రికి గాని, రాయచూరు వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రికి గాని చేర్చవలెను.

సంఘములు చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, తమ గ్రామములోని ప్రతి త్రాగునీటి బోరు పరీక్షాఫలితమును పంచాయతీనుండి వ్రాతమూలకముగా అడిగి సంఘము గోడమీద అంటించుట. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ క్రింద గ్రామములలోని స్త్రీలకే నీటిపరీక్ష నేర్పు ఏర్పాటు ఉన్నది; మన ఇంటి ఆడపడుచులు అందు చేరవలెను. రెండవది, ఏడాదికొకసారి ఆరోగ్య కేంద్రమువారిని పిలిచి, పేరు పుస్తకములో ఉన్నను లేకున్నను, పనిచేయు స్త్రీలందరికి చక్కెర పరీక్ష, పాదపరీక్ష చేయించుట. మూడవది, ఎత్తైన రాట్నములకు బల్లలు చేయించుట. ఒక్క వడ్రంగి కొలది రోజులలో చేయగల పని యిది.

నూలు పంచు లెక్కలు చూచునపుడు ఒక యింటినుండి వచ్చు గుడ్డ తగ్గినచో, నేతగానిని మందలించుటకు ముందు ఆ యింటిలో కండెలు చుట్టు పెద్దమ్మ ఎట్లున్నదో అడుగుడని కార్యదర్శులకు మనవి చేయుచున్నాము. రాబోవు సర్వసభ్య సమావేశములలో ఈ విషయమును చర్చకు పెట్టి, నిశ్చయించిన సంగతులు మాకు వ్రాయగోరుచున్నాము.