లోతునుండి మరలివచ్చు విద్య

స్కూబా విద్యయందు తొలిమెట్టు దాటినవానికి 18 మీటర్లవఱకును, ఆపై శిక్షణము పొందినవానికి 30 మీటర్లవఱకును, లోతునకే ప్రత్యేకించిన పాఠములు ముగించినవానికి 40 మీటర్లవఱకును దిగుటకు శిక్షణసంస్థలు సాధారణముగా అనుమతి నిచ్చును. ఈ అంకెలను జూచి లోతునకు దిగుటయే యీ విద్యాసారమని తలచువారు గలరు. నడుమునకు సీసపుదిమ్మలు గట్టుకొన్నవాడు దిగుటలో వింత యేమున్నది? నేర్వవలసినదెల్ల మరలి పైకి వచ్చుటయే.

సముద్రమున ప్రతి 10 మీటర్లకును ఒక్కొక్క వాతావరణపీడనము హెచ్చుచుండుటచే, 40 మీటర్ల లోతున దేహముపై అయిదురెట్ల యొత్తిడి యుండును. అచట పీల్చు ప్రతి యూపిరియు అయిదూపిరుల గాలిని హరించును. 12 లీటర్ల సిలిండరున 200 రెట్ల యొత్తిడితో నింపిన గాలి, నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి నీటిపైన రెండుగంటలు వచ్చునుగాని, 40 మీటర్లయొద్ద 24 నిమిషములకే యడుగంటును. అందుచే విద్యార్థి మొదటి సాధన సముద్రములో గాక కాగితముపై జరుగును: ఇంత దిగుటకు, ఇంత తిరుగుటకు, ఇంత పైకి వచ్చుటకు, మఱికొంత జతగాని సిలిండరు చెడినయెడల ఇరువురకును.

గాలి చాలినంతమాత్రమున పని తీరదు. పీడనమునకు లోనై రక్తమునను క్రొవ్వునను కరగిన నత్రజని, మనుజుడు తొందరపడి పైకి వచ్చెనా, బుడగలై పొంగి దేహమును బాధించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో ప్రకటించెను. దీనికి క్రమమైన లెక్క గట్టినవాడు బ్రిటిషు నౌకాదళమునకై పనిచేసిన జాన్ స్కాట్ హాల్డేన్. మేకలను ఉక్కుగదిలో నుంచి, పీడనము పెంచి తగ్గించి, బాధ కలిగిన మేక ముందుకాలెత్తి కుంటుటను గుర్తుగా గొని, ఆయన సహచరులతో 1908లో వెలువరించిన సిద్ధాంతమిది: మొత్తము పీడనమును సగమువఱకు వేగముగా తగ్గించినను కీడు లేదు, పిమ్మట మాత్రము మెట్టుమెట్టున ఆగవలెను. 30 మీటర్లనుండి 10 మీటర్లకు వచ్చుటయు, 10 మీటర్లనుండి నీటిపైకి వచ్చుటయు ఆ లెక్కలో సమానములే. కావుననే పడవ యడుగు కనబడుచుండగనే నిమిషములకొలది అచటనే నిలువవలసివచ్చును. నాకు దోచినంతలో ఈ విద్యలోకెల్ల దుష్కరమైన పాఠమిదియే.

30 మీటర్లు దాటగా నత్రజని కల్లువలె తలకెక్కును. గురువులు ఒడ్డున నొకమారు, లోతున నొకమారు పలకపై చిన్నకూడికలు చేయించి, పట్టిన కాలమును పోల్చి చూపుదురు. ఇంకను లోతునకు పోవువారు నత్రజనిలో కొంత తగ్గించి హీలియము గలుపుకొందురు. పైకి వచ్చునపుడు దేహమునందలి నత్రజని త్వరగా తొలగుటకై సగము ప్రాణవాయువు గల సిలిండరును 21 మీటర్లనుండియు, కేవల ప్రాణవాయువును 6 మీటర్లనుండియు వాడుదురు. అంతకు లోతున పీల్చినచో ఆ ప్రాణవాయువే మూర్ఛలు కలిగించును. నీటిలో మూర్ఛ తఱచు ప్రాణాంతకము. అందుచే ప్రతి సిలిండరుపైనను వాడదగిన గరిష్ఠమైన లోతు పెద్ద అంకెలతో వ్రాసియుండును. దానిని జతగానికి జూపి, అతడు గొట్టమును నోటినుండి సిలిండరువఱకు వేలితో తడిమి సరియని సైగచేసినగాని, దానితో ఊపిరి పీల్చరాదు.