మిద్దె మీది సోలార్ హీటరులో నీరు తిరగకపోతే

మిద్దె మీద పెట్టే మామూలు సోలార్ వాటర్ హీటరులో నీటిని తిప్పడానికి మోటారు ఉండదు. ఎండను పట్టే పలకలోని నీరు వేడెక్కి, తేలికై, పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది. ట్యాంకు అడుగునున్న చన్నీళ్లు బరువు కొద్దీ కింది పైపు గుండా పలకలోకి దిగుతాయి. ఎండ ఉన్నంతసేపూ ఈ ప్రసరణ సాగుతుంది. దీన్ని థెర్మోసైఫన్ అంటారు. పలకను కింద, వేడి నిలిపే ట్యాంకును పైన విడివిడిగా అమర్చిన హీటరును 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ అమ్మకానికి తెచ్చాడు. ఇవాళ ఆదోని, ఎమ్మిగనూరు మిద్దెల మీది పలకల హీటర్లు పనిచేసేదీ ఆ సూత్రం మీదే.

నీటిని తిప్పే ఈ శక్తి చాలా బలహీనమైనది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు 997 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములు తూగుతుంది. తేడా 14 గ్రాములే. మీటరు ఎత్తున పక్కపక్కనే వేడినీరు, చన్నీరు నిలబడి ఉంటే వాటి మధ్య ఒత్తిడి తేడా 14 మిల్లీమీటర్ల లోతు నీటి బరువుకు సమానం. మూడు మీటర్ల ఎత్తులోని ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయి మీద చూపే ఒత్తిడి దీనికి రెండు వందల రెట్లు మించి ఉంటుంది. అందువల్ల కుళాయి పైపులో ఎవరూ పట్టించుకోని గాలి బుడగ, కాస్తంత వంపు, పలచని ఉప్పు పొర హీటరులో మాత్రం నీటిని నిలిపేస్తాయి.

అమరికలో చూడవలసినవి

ఆదోని సుమారు 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ పలకను దక్షిణానికి తిప్పి, చలికాలపు ఎండ బాగా తగిలేలా అక్షాంశం కంటే పది డిగ్రీల దాకా ఎక్కువ వాలు ఇస్తారు. వేడినీటి ట్యాంకు అడుగు భాగం పలక పై అంచుకంటే కనీసం ఒక అడుగు ఎత్తున ఉండాలి. పలక నుంచి ట్యాంకుకు వెళ్లే పైపు మొదటి నుంచి చివరిదాకా పైకే సాగాలి. మధ్యలో అది ఎక్కి దిగితే, ఆ ఎక్కిన చోట గాలి చేరి నిలిచిపోతుంది.

చన్నీళ్ల ట్యాంకు, అంటే ఇంటి ఓవర్‌హెడ్ ట్యాంకు, వేడినీటి ట్యాంకుకంటే ఎత్తులో ఉండాలి. సిమెంటు దిమ్మె తక్కువ ఎత్తులో కట్టి దాని మీద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టిన ఇళ్లలో, నీటిమట్టం కాస్త తగ్గినా హీటరులోకి నీరు ఎక్కదు. ఆవిరి, గాలి పోయేందుకు పెట్టే వెంట్ పైపు చన్నీళ్ల ట్యాంకు నిండు మట్టాన్ని దాటి పైకి ఉండాలి. పొట్టిగా ఉంటే నీరు పొర్లిపోతుంది. దాన్ని ఆపడానికి పైపు మూతి బిగిస్తే లోపలి గాలికి దారి ఉండదు, ట్యాంకు మీద ఒత్తిడి పెరుగుతుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం

మంచి ఎండ కాసే రోజు మధ్యాహ్నం, ఎవరూ వేడినీళ్లు వాడనప్పుడు, పైపులను తాకి చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. నీరు 70 డిగ్రీలు దాటి ఉండవచ్చు కాబట్టి చేతికి గుడ్డ చుట్టుకుని, క్షణకాలం మాత్రమే తాకాలి. పలక నుంచి ట్యాంకుకు ఎక్కే పైపు బాగా వేడిగా, ట్యాంకు నుంచి పలకకు దిగే పైపు దానికంటే చల్లగా ఉంటే ప్రసరణ సరిగ్గా ఉన్నట్టే. పలక మాత్రం కాలిపోతూ, ట్యాంకులో నీళ్లు గోరువెచ్చగానే ఉంటే వాటి మధ్య దారి మూసుకుపోయిందని అర్థం. అప్పుడు ముందు వాల్వులన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాత గాలిని, చివరికి ఉప్పును అనుమానించాలి.

ట్యాంకులో నీళ్లు మసులుతున్నా కుళాయిలో సన్నటి ధార వస్తే, లేదా ఉండుండి బుసకొడుతూ వస్తే, కిందికి దిగే వేడినీటి పైపులో గాలి చేరి ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండిన తర్వాత ఈ ఇబ్బంది ఎక్కువగా వస్తుంది. ట్యాంకు నిండాక అన్నిటికంటే కింది వేడినీటి కుళాయిని పూర్తిగా తెరిచి, ధార ఒక్క తీరుగా వచ్చేదాకా వదిలేస్తే గాలి చాలావరకు బయటికి పోతుంది.

చన్నీళ్ల కుళాయిలో వేడినీళ్లు వస్తే కారణం వేరు. హీటరుకు, స్నానాల గది చన్నీళ్ల కుళాయికి ఒకే పైపు వెళ్తున్న ఇళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయినప్పుడు, హీటరులోని నీరు వచ్చిన దారినే వెనక్కి దిగిపోతుంది. హీటరుకు ట్యాంకు నుంచి విడిగా పైపు వేసి, దానికి నీటిని వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు బిగించడమే దీనికి విరుగుడు. వేడి, చన్నీళ్లు కలిపే మిక్సర్ కుళాయి పాడైతే చన్నీళ్లు వేడినీటి పైపులో కలుస్తాయి. అది తేల్చుకోవడానికి హీటరుకు చన్నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి వేడినీటి కుళాయి తెరవాలి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే మిక్సర్ గుండా చన్నీళ్లు దూరుతున్నట్టు.

సాయంత్రం బాగా కాగిన నీళ్లు తెల్లవారేసరికి చల్లారిపోతే, రాత్రి ప్రసరణ వెనక్కి తిరిగిందేమో చూడాలి. చలికి పలకలోని నీరు చల్లబడి బరువెక్కి, కింది పైపు గుండా ట్యాంకులోకి పోతుంది. దాని చోటులోకి ట్యాంకు వేడినీరు పై పైపు గుండా దిగుతుంది. రాత్రి పది దాటాక పలక దగ్గర పై పైపు వెచ్చగా తగిలితే ఇదే లోపం. ట్యాంకు మరీ కిందికి ఉన్నచోట ఇలా జరుగుతుంది, కాబట్టి ట్యాంకు ఎత్తు పెంచాలి. పైపు చల్లగానే ఉంటే ట్యాంకు చుట్టూ ఉన్న వేడి నిలిపే పొర తడిసిందేమో, ఎక్కడైనా కుళాయి కారుతోందేమో చూడాలి.

ఉప్పు నీళ్ల బెడద

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో హీటర్లకు ఎక్కువ చేటు చేసేది బోరు నీరు. తుంగభద్ర ఒడ్డు పక్కనున్న మాధవరం వైపు నుంచి ఆదోని దాకా నీటి గుణం ఒక్క తీరుగా ఉండదు. నది నీటిలో, తుంగభద్ర దిగువ కాలువ నీటిలో లవణాలు తక్కువ. రాతి పొరల్లో నిలిచి పైకొచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కాలువ కట్టేసిన రోజుల్లో బోరు మీద ఆధారపడే ఇంట్లో హీటరులోకి వెళ్లేదీ ఆ నీరే.

నీరు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారి, రాగి గొట్టాల లోపలి గోడలకు పట్టుకుంటుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 దాకా అనుమతి ఉంది. కాఠిన్యం 400 ఉన్న నీటిని రోజుకు 100 లీటర్ల చొప్పున కాచినప్పుడు, అందులో పదో వంతు పేరుకున్నా రోజుకు 4 గ్రాములు, ఏడాదికి దాదాపు కిలోన్నర ఉప్పు లోపల చేరుతుంది. ఈ పొర గొట్టాన్ని సన్నం చేయడమే కాక, రాగి నుంచి నీటికి వేడి అందకుండా అడ్డుపడుతుంది.

పట్టిన ఉప్పును పలచని సిట్రిక్ లేదా సల్ఫామిక్ ఆమ్లంతో కరిగించి, మంచినీటితో బాగా కడుగుతారు. ఆ పని తెలిసినవారే చేయాలి. గచ్చు కడిగే యాసిడ్ పోస్తే అది ఉప్పుతో పాటు లోహాన్నీ తినేస్తుంది. బోరు నీరు తప్ప దిక్కులేని ఇళ్లకు హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న హీటరు నయం. అందులో పలక గుండా తిరిగేది ఒకసారి నింపిన శుద్ధ జలమే. వాడుకునే నీరు పలకలోకి పోదు.

గాజు గొట్టాల హీటరు

గాజు గొట్టాల హీటరులో ప్రసరణ ఏ గొట్టానికి ఆ గొట్టంలోనే జరుగుతుంది. వేడినీరు గొట్టం పైవైపు నుంచి ఎక్కుతుంటే, చన్నీరు అడుగువైపు నుంచి దిగుతుంది. గొట్టం కింది కొన మూసి ఉంటుంది కాబట్టి మట్టి, ఉప్పు అక్కడ చేరతాయి. ఏడాదికోసారైనా గొట్టాలు విప్పి కడగాలి. కొన దగ్గర వెండిలా మెరిసే పూత తెల్లబడితే గాజు పొరల మధ్య శూన్యం పోయినట్టు, ఆ గొట్టం మార్చాలి. ఎండకు కాగిన ఖాళీ గొట్టంలో చన్నీళ్లు పడితే అది పగులుతుంది. నీళ్లు నింపడం తెల్లవారుజామున గానీ, పొద్దు గుంకాక గానీ చేయాలి.

చలి దేశాల్లో బాయిలరు

బ్రిటన్ వంటి చలి దేశాల్లోని తెలుగువారి ఇళ్లలో గదులను వేడిచేసే బాయిలరుకు కూడా దాదాపు ఈ జబ్బులే వస్తాయి. అక్కడ నీటిని పంపు తిప్పుతుంది. గదిలోని రేడియేటరు కింద వేడిగా, పైన చల్లగా ఉంటే గాలి చేరినట్టు. బాయిలరు ఆపి, చల్లారాక, పై మూల స్క్రూను కొద్దిగా తిప్పి గాలిని వదులుతారు. పైన వేడిగా, కింద చల్లగా ఉంటే తుప్పు మడ్డి పేరుకున్నట్టు. బాయిలరు చల్లగా ఉన్నప్పుడు చాలా ఇళ్లలో ఒత్తిడి 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. అది మాటిమాటికీ పడిపోతుంటే నీరు ఎక్కడో కారుతోందని గ్రహించి మెకానిక్‌ను పిలవాలి.

ఏటా చేయవలసిన పనులు

సోలార్ హీటరుకు ఏటా చలికాలం మొదలుకాకముందే, అంటే దసరా, దీపావళి మధ్య, ఒకసారి చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ట్యాంకు అడుగు వాల్వు తెరిచి మడ్డి వదలాలి. వెంట్ పైపు మూతి, వాల్వులు, పైపుల వాలు చూడాలి. పలక అద్దం మీది దుమ్మును ఉదయం పూట, అద్దం చల్లగా ఉండగా కడగాలి. ట్యాంకులో తుప్పు పట్టకుండా కాచే మెగ్నీషియం కడ్డీ ఉంటే అది ఎంత అరిగిందో చూసి, అవసరమైతే మార్చాలి.