కోర్టులో పిల్లల తరఫున ఒకరు

మన పిల్లలకి బడిలో చిన్న ఇబ్బంది వస్తే వెంటనే టీచరుకి ఈమెయిల్ కొట్టేస్తాం. అలా అడిగేవాళ్ళు లేని పిల్లల సంగతేమిటి?

ఇంట్లో హింస వల్లో, ఆలనాపాలనా లేకనో కొందరు పిల్లల్ని కోర్టు ఫోస్టర్ కేర్‌కి, అంటే తాత్కాలికంగా వేరేవాళ్ళ ఇంట్లో పెరగడానికి, పంపుతుంది. సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జిగారికి, ఆ పిల్లల గురించి సరిగా తెలియకుండా తీర్పు చెప్పడానికి మనసొప్పలేదు. 1977లో మామూలు పౌరులకే శిక్షణ ఇప్పించి, పిల్లల తరఫున మాట్లాడించారు. అదే ఇప్పుడు ‘కాసా’ పేరుతో దేశంలో చాలాచోట్ల నడుస్తోంది.

లా డిగ్రీ అక్కర్లేదు. సాధారణంగా 21 ఏళ్ళు నిండాలి. పోలీసు రికార్డుల తనిఖీ, దాదాపు 30 గంటల శిక్షణ అయ్యాక జడ్జి ముందు ప్రమాణం. చాలావరకు ఒక్క పిల్లవాడినో, ఒకే ఇంటి అక్కాతమ్ముళ్ళనో అప్పగిస్తారు. వాళ్ళని తరచు కలుస్తూ, టీచర్లనీ పెంచుతున్నవాళ్ళనీ కన్నవాళ్ళనీ అడిగి తెలుసుకుని జడ్జికి రిపోర్టు రాయాలి (మన స్టేటస్ రిపోర్టులకన్నా కష్టమే!). సోషల్ వర్కర్లు మారినా, ఇళ్ళూ బళ్ళూ మారినా, కేసు ముగిసేదాకా ఈ ఒక్క మనిషి మారకూడదని కోరుకుంటారు.

“పరాయివాళ్ళ ఇంటిగొడవ మనకెందుకండీ?” అంటారు మనవాళ్ళు. పిల్లవాడు అప్పటికే ఇల్లు దాటి కోర్టుకి వచ్చేశాడు కదా! హియరింగులు మాత్రం ఎక్కువగా పగటిపూటే. ఆఫీసులో సెలవు దొరుకుతుందో లేదో చూసుకుని మరీ అప్లికేషన్ పెట్టండి.