అప్పుకూ ఒక సాత్‌బారా ఉంది

పొలం కొనేముందు మన రాజురాలో సాత్‌బారా ఉతారా చూస్తాం; వార్ధా నది ఇవతలైనా అవతలైనా అది మామూలే. అప్పు ఇచ్చేముందు బ్యాంకు చూసేది మన పరపతి నివేదిక. జనం నోట అది సిబిల్ రిపోర్టు. సిబిల్‌తో కలిపి ఇలాంటి సంస్థలు దేశంలో నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి.

అందులో 300 నుంచి 900 దాకా స్కోరు ఉంటుంది. అది చూసి బెంబేలు పడకండి, లోపలి పేజీలు చదవండి. మనది కాని అప్పు, తీర్చినా బాకీగా చూపే పంట రుణం కనిపిస్తే రసీదుతో ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, 2024 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం రోజుకు 100 రూపాయల పరిహారం రావాలి.

నిజమైన బాకీని ఏ దళారీ చెరపలేడు. కొంత తగ్గించి కట్టించుకుంటే ఖాతా ‘సెటిల్డ్’ అని, మొత్తం కడితే ‘క్లోజ్డ్’ అని నమోదవుతుంది. మొదటిది మచ్చే. సంతకానికి ముందే ఆ తేడా అడగండి. కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకోండి.

మృగశిర కార్తెలో బ్యాంకు గుమ్మం దగ్గర తప్పు బయటపడితే దిద్దుబాటుకు నెల పడుతుంది. విత్తనం అంతకాలం ఆగదు, వ్యాపారి వడ్డీ తప్పదు. అందుకే వేసవిలోనే చూసుకోండి.