పాత ఆటల పరకాయ ప్రవేశం

ఆటలు మానవజీవితంలో అంతర్భాగాలు. తెలుగునాట వామనగుంటలు, అష్టాచెమ్మా, పులిజూదం వంటి ఆటలను తరతరాలుగా ఆడుతున్నారు. వీటికి కావలసిన సామగ్రి అత్యల్పం. అరుగుమీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీస్తే పులిజూదం సిద్ధమవుతుంది. గవ్వలు దొరకకపోతే చింతపిక్కలు చాలు. బామ్మ ఆడిన ఆటను మనుమరాలు కూడా అదే విధంగా ఆడగలదు. ఆ ఆటలు మనుషుల మనస్సుల్లో ఉంటాయి కనుక పనిముట్లు పాడైనా ఆట పాడు కాదు.

వీడియో గేముల స్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అవి యంత్రం కోసం పుట్టి, యంత్రంలోనే జీవిస్తాయి. యంత్రం మూలపడితే వాటి నియమాలు, బొమ్మలు, సంగీతం అన్నీ ఏ చిప్‌లోనో మూగగా ఉండిపోతాయి. ఆ ఆటలను తిరిగి బ్రతికించుకొనే మార్గం ఏమిటి? అసలు వాటిని బ్రతికించుకోవలసిన అవసరం ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వీడియో గేముల చరిత్ర సుదీర్ఘమైనదేమీ కాదు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు కలసి పీడీపీ-1 అనే కంప్యూటర్‌మీద ‘స్పేస్‌వార్’ అనే ఆటను రూపొందించారు. 1972లో అటారీ సంస్థ ‘పాంగ్’ను విడుదల చేసి, ఈ వినోదాన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. జపానులో తొమొహిరో నిషికాడో 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’ను, తోరు ఇవాతాని 1980లో ‘ప్యాక్‌మ్యాన్’ను సృష్టించారు. 1983లో నింటెండో సంస్థ ‘ఫ్యామికామ్’ అనే గృహోపయోగ యంత్రాన్ని విడుదల చేసింది. ప్రపంచవ్యాప్తంగా ఆరు కోట్లకు పైగా అమ్ముడైన ఈ యంత్రంమీదనే 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ అవతరించింది.

మన దేశంలోని మధ్యతరగతి ఇళ్లలోకి ఈ ఆటలు 1990వ దశకంలో ఎక్కువగా ఫ్యామికామ్ నకళ్ల రూపంలో ప్రవేశించాయి. టీవీకి తగిలించి ఆడే ఆ పెట్టెలో దోపే ప్లాస్టిక్ డబ్బీలను అందరూ ‘క్యాసెట్లు’ అనే పిలిచేవారు. వేలకొద్దీ ఆటలున్నాయని క్యాసెట్‌మీద ముద్రించి ఉన్నా, నిజానికి కొన్ని ఆటలే పేర్లు మార్చుకొని మళ్లీ మళ్లీ వచ్చేవి. అయినప్పటికీ వేసవి సెలవుల్లో ఇంట్లో ఉన్న ఒక్క టీవీ ముందు అన్నదమ్ములు, ఇరుగుపొరుగు పిల్లలు వంతులవారీగా మారియో, కాంట్రా ఆటలు ఆడుకొనేవారు. నాటి పిల్లలు నేడు నడివయస్సుకు చేరువలో ఉన్నారు. మారియో తొలి సంగీతం చెవిన పడగానే వారి మనస్సు ఒక్క క్షణం ఆనాటి ఇంటికి వెళ్లి వస్తుంది.

గతాన్ని తలచుకొని కలిగే ఈ తీపి వేదనకు తెలుగులో ‘బెంగ’ అనే చక్కని మాట ఉన్నది. పాశ్చాత్య భాషల్లో దీనిని ‘నాస్టాల్జియా’ అంటారు. 1688లో యోహనెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి రెండు గ్రీకు పదాలను కలిపి ఈ మాటను కల్పించాడు. ఇంటికి తిరిగిరావడమని మొదటి పదానికి, నొప్పి అని రెండవ పదానికి అర్థం. అతడు దీనిని ఒక వ్యాధిగా పరిగణించాడు. నేడు ఎవ్వరూ దీనిని వ్యాధిగా భావించరు. పైగా మరుగున పడిన ఎన్నో విషయాలను వెలికితీయడానికి ఈ బెంగే ప్రేరణగా నిలుస్తున్నది. పాత వీడియో గేముల విషయంలో జరిగినదీ ఇదే.

ఆ యంత్రాలు రోజురోజుకూ శిథిలమవుతున్నాయి. ఫ్యామికామ్ ఉత్పత్తి 2003లో నిలిచిపోయింది. ఆటలో సాధించిన ప్రగతిని భద్రపరచడానికి కొన్ని క్యాసెట్లలో చిన్న బ్యాటరీని అమర్చేవారు. అది నీరసించగానే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. 1990వ దశకంలో క్యాప్‌కామ్ సంస్థ తయారుచేసిన కొన్ని ఆర్కేడ్ యంత్రాల స్థితి మరింత విచిత్రమైనది. నకళ్లను అరికట్టడానికి ఆ సంస్థ ఆట ప్రోగ్రామును రహస్య సంకేతాలలో దాచి, వాటిని విప్పే తాళంచెవిని బ్యాటరీతో నడిచే జ్ఞాపకశక్తిలో ఉంచింది. బ్యాటరీ అయిపోతే తాళంచెవి మాయమవుతుంది. చెక్కుచెదరని యంత్రం కూడా ఆనాటితో మూగపోతుంది. 2007లో కొందరు ఔత్సాహికులు ఆ సంకేతాల మర్మాన్ని ఛేదించడం వల్ల ఆ ఆటలు నిలిచాయి.

ఇట్టి ఆటలకు పునర్జన్మ ప్రసాదించే ప్రక్రియే ‘ఎమ్యులేషన్’. ఒక యంత్రం మరొక యంత్రాన్ని యథాతథంగా అనుకరించడమని దీనికి అర్థం. మన కథల్లో యోగులు తమ దేహాన్ని విడిచి మరొక దేహంలో ప్రవేశించే ‘పరకాయ ప్రవేశ’ విద్య కనిపిస్తుంది. ఎమ్యులేషన్ అటువంటిదే. శిథిలమైన యంత్రాన్ని విడిచిన ఆట నేటి కంప్యూటర్‌లోనో, సెల్‌ఫోన్‌లోనో ప్రవేశిస్తుంది. అది నివసించడానికి అనువుగా కొత్త దేహాన్ని తీర్చిదిద్దే ప్రోగ్రామునే ‘ఎమ్యులేటర్’ అంటారు.

ఇది పనిచేసే తీరును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఫ్యామికామ్‌లో పని చేయడానికి కేటాయించిన జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. తెరమీద అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలతో బొమ్మ ఏర్పడుతుంది. ఎమ్యులేటర్ ముందుగా నేటి కంప్యూటర్‌లో సరిగ్గా అంతే జ్ఞాపకశక్తిని, అన్నే చుక్కల తెరను ఊహాత్మకంగా సృష్టిస్తుంది. ఆ తరువాత క్యాసెట్‌లోని ప్రోగ్రామును ఒక్కొక్క ఆజ్ఞ చొప్పున చదువుతుంది. ‘ఈ గడిలోని సంఖ్యను ఆ గడిలోని సంఖ్యకు కలుపు’ అని పాత యంత్రానికి చెప్పిన ఆజ్ఞను కొత్త కంప్యూటర్‌కు అర్థమయ్యే ఆజ్ఞగా మార్చి నిర్వర్తిస్తుంది. సెకనుకు సుమారు 60 బొమ్మలు పాత వేగంతోనే తెరపైకి వచ్చేటట్లు చూస్తుంది. సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడి ఉన్నది. స్థలాభావం వల్ల నాటి కళాకారులు ఒకే బొమ్మకు తెల్లరంగు వేసి మేఘంగా, ఆకుపచ్చరంగు వేసి పొదగా చూపారు. ఆ పొదుపు కూడా ఎమ్యులేటర్‌లో మనకు యథాతథంగా కనిపిస్తుంది.

అనుకరణలో వేగానికి ఎంత ప్రాధాన్యమున్నదో స్పేస్ ఇన్వేడర్స్ చక్కగా నిరూపిస్తుంది. ఆ ఆటలో 55 మంది గ్రహాంతరవాసులు బారులు తీరి కిందికి దిగివస్తారు. నాటి చిప్ వారిని ఒక్కసారిగా కదపలేక ఒకరి తరువాత ఒకరిని కదిపేది. శత్రువులు తగ్గినకొద్దీ మిగిలినవారి వంతు త్వరగా వచ్చేది. అందువల్ల వారి వేగం పెరిగేది. యంత్రం బలహీనత వల్ల ఏర్పడిన ఈ లక్షణం ఆటకు ఉత్కంఠను చేకూర్చిందని గుర్తించి నిషికాడో దానిని అలాగే ఉంచాడు. ఎమ్యులేటర్ ఆ బలహీనతను కూడా అనుకరించాలి. ప్యాక్‌మ్యాన్‌లో 256వ అంచెకు చేరగానే లెక్క తప్పి తెర కుడిసగం చిందరవందర అక్షరాలతో నిండిపోతుంది. మంచి ఎమ్యులేటర్ ఆ దోషాన్ని సవరించదు, ఉన్నదున్నట్లు చూపుతుంది. మూలగ్రంథంలోని తప్పును దిద్దక యథాతథంగా అచ్చువేసే నిజాయితీ గల పరిష్కర్త వంటిది అది.

ఈ కృషికి నాంది పలికినవారు చాలామంది జీతభత్యాలు ఆశించని ఔత్సాహికులే. ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా 1997 ఫిబ్రవరిలో ‘మేమ్’ అనే ఎమ్యులేటర్‌ను విడుదల చేశాడు. తరువాతి కాలంలో ఎన్నో దేశాలవారు దానికి చేయూతనిచ్చి, వేలాది ఆర్కేడ్ యంత్రాల పనితీరును అందులో నమోదు చేశారు. 2014లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ వందలాది పాత ఆర్కేడ్ ఆటలను ఎవరైనా తమ కంప్యూటర్‌లోనే ఆడి చూసే వీలు కల్పించింది. 2016లో నింటెండో సంస్థ స్వయంగా ముప్ఫై పాత ఆటలతో ఒక చిన్న యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. దానిలో పనిచేసినదీ ఎమ్యులేటరే.

అయితే పరకాయ ప్రవేశానికీ పరిమితులున్నాయి. పాత పిక్చర్ ట్యూబు టీవీలో చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మెత్తగా కనిపించేవి. నేటి పలుచని తెరమీద అవే చుక్కలు గళ్లుగళ్లుగా, కరుకుగా కనిపిస్తాయి. బాతులను గురిచూసి కొట్టే ‘డక్ హంట్’ ఆటలోని తుపాకి, తెరమీద వెలుగు మెరిసే క్షణాన్ని పసిగట్టి పనిచేస్తుంది. నేటి తెరలు బొమ్మను చూపడంలో చేసే స్వల్పమైన ఆలస్యం వల్ల ఆ పాత తుపాకి వాటి ముందు పనికిరాదు. వీటన్నింటికంటె ముఖ్యమైనది తోడు. తన వంతు కోసం పక్కన కూర్చొని ఎదురుచూసే తమ్ముణ్ణి ఏ ఎమ్యులేటరూ తిరిగి తేలేదు. ఎమ్యులేటర్ తిరిగి ఇచ్చేది ఆటనే కాని బాల్యాన్ని కాదు.

ఇక న్యాయపరమైన చిక్కులు వేరే ఉన్నాయి. ప్లేస్టేషన్ ఆటలను మామూలు కంప్యూటర్‌మీద నడిపే ఎమ్యులేటర్‌ను కనెక్టిక్స్ అనే సంస్థ తయారుచేయగా, సోనీ సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఎమ్యులేటర్ తయారీకై యంత్రంలోని ప్రోగ్రామును పరిశీలించడం న్యాయసమ్మతమేనని 2000వ సంవత్సరంలో అమెరికా అప్పీళ్ల న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాని ఆట వేరు, ఎమ్యులేటర్ వేరు. ఆటమీద దాని యజమానికి కాపీరైట్ ఉంటుంది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య కృతుల కోవలోనే చేర్చింది. అనుమతి లేకుండా ఆటల నకళ్లను పంచిపెట్టడం సృష్టికర్తల హక్కును హరించడమే అవుతుంది.

ఈ వాదనలో న్యాయమున్నది. కాని కొనదలచినవారికి కూడా ఆ ఆటలు దొరకకపోతే ఏమి చేయాలి? 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత వీడియో గేముల్లో 87 శాతం మార్కెట్లో లభించడం లేదని ఆ దేశంలోని వీడియో గేమ్ చరిత్ర ప్రతిష్ఠానం 2023లో వెల్లడించింది. అదే సంవత్సరం మార్చిలో నింటెండో రెండు పాత యంత్రాలకు సంబంధించిన తన ఆన్‌లైన్ దుకాణాలలో అమ్మకాలు నిలిపివేసింది. లభ్యం కాని ఆటలను పరిశోధకులు దూరం నుండి చూసేందుకు అనుమతించాలని గ్రంథాలయాల పక్షాన వచ్చిన అభ్యర్థనను అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది. అమ్మేవారు లేక, చూపేవారికి అనుమతి లేక ఒక కళారూపంలోని అధికభాగం చీకటిలో పడి ఉన్నది.

పంతొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ శిథిలమవుతున్న తెలుగు తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితులచేత శుద్ధప్రతులు వ్రాయించాడు. తాటాకు నశించినా పద్యం నిలవాలన్నది ఆ కృషిలోని పరమార్థం. నాడు కొందరు వేమన పద్యాలను కూడా తక్కువ చూపు చూసినవారే. మారియో ఆటను మహాకావ్యంతో సరితూచవలసిన పని లేదు. కాని ఒక కాలంలోని కోట్లాది పిల్లలు దేనిని చూసి నవ్వారో, దేనికోసం పోట్లాడుకొన్నారో తెలిపే సాక్ష్యం అది. దాని విలువను నిర్ణయించవలసినవారు భావితరాలవారు. వారు నిర్ణయించేనాటికి ఆ ఆట ఆడి చూడదగిన స్థితిలో ఉండాలి. హక్కుదారులు, గ్రంథాలయాలు, ప్రభుత్వాలు కలసికట్టుగా ఆలోచించి అందుకు తగిన మార్గాన్ని ఏర్పరచడం నేటి తరం కర్తవ్యం.