గోడమీది పొయ్యి: గాలి ఎటునుంచి, పొగ ఎటువైపు

భూమధ్యరేఖకు సుమారు 140 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న సింగపూర్‌లో ఇల్లు వెచ్చబెట్టుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. అయినా అక్కడి హెచ్‌డీబీ ఫ్లాట్లలో వంటింటి వెనక, బట్టలు ఆరేసుకునే సర్వీస్ యార్డులో, చిన్న సూట్‌కేసంత పెట్టె ఒకటి గోడకు వేలాడుతూ కనబడుతుంది. కింద మూడు గొట్టాలు: ఒకటి గ్యాసుకు, ఒకటి చన్నీళ్ళకు, ఒకటి వేణ్ణీళ్ళకు. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో కాపురమున్న తెలుగువారికి ఇలాంటి పెట్టే మరికాస్త పెద్దదిగా, మరి రెండు మూడు గొట్టాలతో, బాయిలర్ అన్న పేరుతో పరిచయం. హైదరాబాదులో దీని చిన్న చెల్లెలి పేరు గ్యాస్ గీజర్. మూడూ ఒక కుటుంబానివే. ఆ కుటుంబంలో ఒకరు మాత్రం ఏటా చలికాలంలో మనుషుల ప్రాణాలు తీస్తున్నారు. తేడా యంత్రంలో కంటే దాన్ని ఎక్కడ తగిలించారన్న దాంట్లోనే ఎక్కువగా ఉంది.

గీజర్ అన్న మాట ఐస్‌లాండ్‌లోని గేసిర్ అనే వేడినీటి ఊట పేరునుంచి వచ్చింది. 1868లో లండన్‌కు చెందిన బెంజమిన్ వాడీ మాన్ అనే రంగులపనివాడు నీటిని అప్పటికప్పుడు గ్యాసుమీద కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. ఇంగ్లండులో ఆ మాట ఇప్పుడు పాతబడిపోయింది. మనం మాత్రం కరెంటుతో నీళ్ళు కాచే తొట్టిని కూడా గీజరనే అంటున్నాం. మాన్ యంత్రానికి పొగగొట్టం లేదు. మంటనుంచి వచ్చే వాయువులు స్నానాల గదిలోనే కలిసేవి. ఆ లోపాన్ని సరిదిద్దుకుంటూ రావడమే ఆ తరువాతి చరిత్రలో ముఖ్యమైన భాగం.

ఇప్పటి యంత్రం పనితీరు క్లిష్టమైనదేమీ కాదు. కొళాయి తిప్పగానే లోపల నీటి ప్రవాహాన్ని కనిపెట్టే మీట కదులుతుంది. పంఖా తిరుగుతుంది, గ్యాసు కవాటం తెరుచుకుంటుంది, నిప్పురవ్వ పడుతుంది. మంట అంటుకున్నదో లేదో ఒక లోహపు కడ్డీ పసిగడుతుంది. అంటుకోకపోతే క్షణాల్లో గ్యాసు ఆగిపోతుంది. మంటపైన సన్నని రాగి రేకులు తొడిగిన గొట్టంలోంచి నీళ్ళు పారుతూ వేడెక్కుతాయి. నిలవ నీళ్ళు ఉండవు కాబట్టి ఎంతమంది స్నానం చేసినా వేణ్ణీళ్ళు అయిపోవు.

ఎంత మంట కావాలన్నది చిన్న లెక్క. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.19 కిలోజౌళ్ళ శక్తి కావాలి. సింగపూర్ కొళాయి నీళ్ళు 28 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, వాటిని 40 డిగ్రీలకు తేవడానికి పెంచవలసింది 12 డిగ్రీలే. నిమిషానికి 6 లీటర్ల ధారకు 5 కిలోవాట్లు చాలు. స్నానాల గదుల్లో పెట్టే కరెంటు హీటర్లు సాధారణంగా 3 కిలోవాట్ల చుట్టుపక్కల ఉంటాయి. ఆ లెక్కన నిమిషానికి మూడున్నర లీటర్లే. షవర్ ధార నీరసంగా ఉన్నదని కొత్తగా వెళ్ళినవారు విసుక్కోవడానికి కారణం ఇదే. లండన్‌లో జనవరి నీళ్ళు 8 డిగ్రీలనుకుందాం. నిమిషానికి 10 లీటర్లను 42 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 24 కిలోవాట్లు కావాలి. అందుకే అక్కడ 24, 30 కిలోవాట్ల బాయిలర్లు అమ్ముతారు. ఇల్లు వెచ్చబెట్టడానికి అంత అవసరం ఉండదు. అంత పెద్ద యంత్రాన్ని కొనిపించేది స్నానమే. చలికాలంలో అదే మంట గదుల్లోని రేడియేటర్లకు వేడినీళ్ళు తిప్పుతుంది. ఎవరైనా షవర్ తిప్పితే లోపలి కవాటం వేడిని కాసేపు అటు మళ్ళిస్తుంది. సింగపూర్ పెట్టెలో ఈ రెండో సగం లేదు.

ఇక గాలి సంగతి. ఒక కిలోవాట్ మంటకు గంటకు ఇంచుమించు ఒక ఘనమీటరు గాలి కావాలి. పన్నెండు కిలోవాట్ల ఎల్‌పీజీ గీజరును తలుపులు మూసిన ఏడు ఘనమీటర్ల స్నానాల గదిలో వెలిగిస్తే, పది నిమిషాల్లో అది రెండు ఘనమీటర్ల గాలిలోని ప్రాణవాయువునంతా తినేస్తుంది. గదిలో 21 శాతం ఉండవలసిన ప్రాణవాయువు 15 శాతం దగ్గరికి దిగుతుంది. నిజానికి అంతదాకా కూడా పోనక్కరలేదు. ప్రాణవాయువు కొన్ని శాతాలు తగ్గగానే మంట సరిగా మండదు. కార్బన్ డయాక్సైడుకు బదులు కార్బన్ మోనాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, నీరసం, కళ్ళు తిరగడం, ఆపైన స్పృహ తప్పడం. లేచి తలుపు తీయాలన్న ఆలోచన వచ్చేసరికి కాళ్ళు మాట వినవు.

ఈ చిక్కుకు సింగపూర్ చెప్పిన జవాబు ఒకటి, ఇంగ్లండు చెప్పినది మరొకటి. సింగపూర్‌లో మంటను మనిషి నుంచి వేరుచేశారు. పెట్టె గాలాడే సర్వీస్ యార్డులోనో వంటింటి బయటి గోడమీదనో ఉంటుంది. స్నానాల గదిలోకి వచ్చేవి వేణ్ణీళ్ళు మాత్రమే. పొగ కిటికీ బయటికి పోవాలి. గ్యాసు గొట్టాల పని చేయడానికి ఎనర్జీ మార్కెట్ అథారిటీ లైసెన్సు పొందిన పనివాడే కావాలి. అతడు ముందుగా చూసేది యంత్రాన్ని కాదు, చోటును: బయటి గాలికి దారి ఉన్నదా, పొగగొట్టం మరొకరి కిటికీ కిందికి పోతున్నదా అని. ఆ తరువాతే గొట్టాల కొలత, విడిగా మూసుకునే కవాటం, గ్యాసు కారడం లేదని తేల్చే పీడన పరీక్ష. ఈ ఏర్పాటును చెడగొట్టేది తరచుగా ఇంటివారే. వానజల్లు కొడుతున్నదని యార్డుకు అద్దాల తలుపులు బిగించి, వాన వచ్చినప్పుడల్లా వాటిని మూసేస్తారు. దానితో బయటి పొయ్యి లోపలి పొయ్యి అయిపోతుంది.

ఇంగ్లండులో చలికి కిటికీలు తెరిచి ఉంచే వీలు లేదు. అందుకని వారు మంటనే డబ్బాలో బంధించారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గొట్టాలు గోడను తొలుచుకుని బయటికి పోతాయి. బయటి వలయంలోంచి గాలి లోపలికి, నడిమి గొట్టంలోంచి పొగ బయటికి. గదిలోని గాలికీ మంటకూ సంబంధం ఉండదు. అందువల్లనే అది వంటింటి అలమరలో ఉన్నా ఫరవాలేదు. పనివాడు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండాలి; 2009లో కోర్గీ స్థానంలో వచ్చిన పట్టిక అది. ఇంత చేసీ, ఇంగ్లండులో 2022 అక్టోబరు నుంచి అద్దె ఇళ్ళలో ఇలాంటి బాయిలరున్న గదికి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేశారు.

మన నగరాల్లో స్నానాల గదిలో పెట్టిన గ్యాస్ గీజరుకు ఈ రెండు జవాబుల్లో ఏదీ లేదు. మంట గదిలోనే, గాలి గదిలోదే, పొగ గదిలోకే. చలికి చిన్న వెంటిలేటరు కూడా మూసేస్తారు. స్నానానికి వెళ్ళినవారు ఎంతకీ బయటికి రాకపోవడం, తలుపు పగలగొట్టడం వార్తల్లో చదువుతూనే ఉంటాం. బతికి బయటపడ్డవారిలో కొందరికి మూర్ఛ వచ్చిందనుకుని ఏళ్ళ తరబడి మందులు వాడిన సందర్భాలున్నాయి. నాడీవైద్యులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అన్న పేరే పెట్టారు. ఇందులో విచారకరమైన సంగతి ఒకటుంది. తెలుగు ఇళ్ళలో నీళ్ళు కాచే రాగి బాయిలర్, నడుమ బొగ్గుల గొట్టంతో, పెరట్లో ఉండేది. కాగు కింద పిడకలూ పుల్లలూ పెరట్లోనే మండేవి. పొగ కళ్ళకు కనబడేది కనుక దాన్ని ఎవరూ గదిలోకి తేలేదు. కనబడని పొగను తెచ్చుకున్నాం.

హైదరాబాదు నుంచి గీజరు సామానులో పెట్టుకుని సింగపూర్ వెళ్ళినా అది పనికిరాదు. ఇక్కడ గొట్టాల్లో వచ్చేది ఎల్‌పీజీ కాదు, టౌన్ గ్యాస్. 1862లో కాలాంగ్‌లో మొదలైన గ్యాసు కర్మాగారం బొగ్గును కాల్చి వాయువు తీసేది. 1864లో దానితో వీధిదీపాలు వెలిగాయి. ఆ పరిసరాలను హొక్కియెన్ మాటలాడేవారు అగ్నినగరమనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. 1998లో కాలాంగ్ మూతపడేనాటికి పని సెనోకోకు మారింది. బొగ్గు పోయి చమురు, తరువాత సహజవాయువు ముడిసరుకయ్యాయి కాని, తయారయ్యే వాయువులో ఇప్పటికీ ఇంచుమించు సగం హైడ్రోజనే. హైడ్రోజన్ మంట మీథేన్ మంటకంటే ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది. సహజవాయువుకు చేసిన బర్నరులో దీన్ని వెలిగిస్తే మంట రంధ్రాల్లోంచి వెనక్కి పాకే ప్రమాదముంది. పైగా ఘనమీటరుకు ఇచ్చే వేడి సహజవాయువులో సగం లోపే. ఇంగ్లండు 1967-77 మధ్య టౌన్ గ్యాస్ నుంచి సహజవాయువుకు మారినప్పుడు ఇంటింటి పొయ్యినీ మార్చవలసి వచ్చింది. అందుకే సింగపూర్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకునేవారు హీటరు పక్కనున్న పట్టీమీద ఏ గ్యాసు అని రాసి ఉన్నదో ఒకసారి చూసుకోవాలి. టౌన్ గ్యాసులో కొంత కార్బన్ మోనాక్సైడ్ ముందే ఉంటుంది కూడా. ఎల్‌పీజీ మండకుండా కారితే నిప్పంటుకోవడం గురించి, ప్రాణవాయువు చాలకపోవడం గురించి భయపడతాం, ఇది కారితే విషం గురించి కూడా భయపడాలి.

కరెంటు హీటరైతే ఈ గొడవే లేదు కదా అనవచ్చు. ఇంట్లో లేదు, నిజమే. కాని సింగపూర్ కరెంటులో దాదాపు 95 శాతం సహజవాయువు మండించి తీసినదే. విద్యుత్ కేంద్రంలో రెండు పాళ్ళ గ్యాసు మండితే ఇంటికి చేరేది ఒక పాలు కరెంటు. గోడమీది పెట్టెలో నాలుగు వంతులు మండితే మూడు వంతులకు పైగా నీటికి చేరుతుంది. అయితే సెనోకోలో ఆ వాయువును తయారు చేయడంలో పోయిన వేడి ఆ లెక్కలో లేదు. మొత్తం మీద కరెంటు హీటరువారు కూడా గ్యాసు మంటమీదనే నీళ్ళు కాచుకుంటున్నారు. వారి పొగగొట్టం ఇంటినుంచి ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో, ద్వీపం పడమటి చివర తువాస్ వైపు ఉంది.