పాత బల్ల నుండి పుస్తకముల అర

ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలోను, కొల్లేటి లంకలలోను పెక్కు యిండ్ల వసారాలలో గీతలు పడిన పాత బల్ల ఒకటి మూల చేరియుండును. దానిని వంటచెరకు చేయనవసరము లేదు. నాలుగు బద్దెలు, కొన్ని పొట్టి పలకలు, గుప్పెడు మరమేకులు ఉన్నచో అదియే మూడంతస్తుల పుస్తకముల అర యగును. అయితే అది చిరకాలము నిలువవలెనన్న బరువును గూర్చియు, చెమ్మను గూర్చియు కొంత తెలిసియుండవలెను.

మొదట బల్ల కాళ్లను సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. బోలుశబ్దము వచ్చినచో లోపల చెదలు తొలిచినవని అనుమానింపవలెను. గట్టిగా నున్నచో పాత కొయ్యయే మేలు. పచ్చి కొయ్య ఆరుచు వంకరలు పోవును. పాతది ఆ దశను దాటియుండును. కొయ్యముక్కలను జిగురుతో అదిమి చేసిన చవుక బల్లలు మాత్రము ఈ పనికి తగవు. అవి నీరు పీల్చి ఉబ్బినచో, ఆరిన పిమ్మటను మునుపటి మందమునకు రావు.

ఇక బరువు సంగతి. ప్లాస్టికు కొలబద్దను రెండు పుస్తకముల మీద ఆనించి, నడుమ ఒక తూకపురాతిని వ్రేలాడదీసి వంపును కొలువుడు. ఆధారముల నడిమి దూరమును 24 సెంటీమీటర్ల నుండి 12 సెంటీమీటర్లకు తగ్గించినచో, అదే బరువునకు వంపు సగము గాదు, ఎనిమిదవ వంతు మాత్రమే యగును. వంపు ఆ దూరముయొక్క ఘనమును బట్టి మారుటయే దీనికి కారణము. అందుచేత పలకలను బల్ల పొడవున గాక అడ్డముగా పరచవలెను. వాని నానించు బద్దెలను ముందరి కాళ్ల నడుమ ఒకటి, వెనుక కాళ్ల నడుమ ఒకటి చొప్పున నిలువుగా బిగింపవలెను. 2 సెంటీమీటర్ల మందము, 4 సెంటీమీటర్ల వెడల్పు గల బద్దె పరుండబెట్టినప్పటికంటె నిలువబెట్టినపుడు నాలుగు రెట్లు బలముగా వంపు నెదిరించును. మరమేకులు బిగించుటకు ముందు సన్నని రంధ్రము తొలిచినచో కొయ్య నారవెంట చీలదు.

రెండవది చెమ్మ. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు కొల్లేటిలోనికి నీరు తెచ్చును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు చేర్చును. ఈ నీటిసీమలో వానకాలపు గాలి ఆవిరితో నిండియుండును. కొయ్య ఆ ఆవిరిని పీల్చి అడ్డముగా ఉబ్బును. పొడవున మార్పు దాదాపు ఉండదు. కావున పలకకు పలకకు నడుమ పెన్సిలు పట్టునంత సందు విడువవలెను. ఆ సందులగుండా గాలి ఆడి పుస్తకములకు బూజు పట్టుటయు తగ్గును.

చెట్టు బ్రదికియుండగా నీటిని మోసిన నాళములు బల్లకాలి అడుగున తెరచుకొనియుండును. కేశాకర్షణముచే తడినేలనుండి నీరు వానిలోనికి ఎక్కును. అడుగుభాగమునకు రంగు దట్టముగా పూసి, క్రింద రాతిపలక ఉంచినచో ఈ బాధ తగ్గును. గోడకు నాలుగు వ్రేళ్ల యెడము విడిచినచో చెదలు కట్టు మట్టిదారులు వెంటనే కంటబడును.

2024 సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేటి గ్రామములను ముంచెత్తెను. అట్టి చోట్ల తడిసినను చెడని గిన్నెలను, ఇనుప సామానును క్రింది అరలోను, పుస్తకములను పై అరలలోను ఉంచుట మంచిది. బరువు క్రింద నున్నచో గరిమనాభి దిగువకు వచ్చి అర సులభముగా ఒరగదు.

బరువు మారకున్నను కొయ్య కాలక్రమమున ఇంచుక వంగుచునే యుండును. నెలకొకసారి బద్దె వెంట దారమును బిగువుగా లాగిపట్టి, నడిమి యెడమును విద్యార్థులు కొలిచి వ్రాసికొనవచ్చును. వంపు పెరుగుచున్నచో బద్దె నడుమ ఒక ఊతకొయ్య నిలిపిన చాలును.